ఏడో నంబరు కడ్డీ

వాలీ స్ట్రాండ్ శవం మంగళవారం పొద్దున్న న్యూకాసిల్ రేవులో, బొగ్గు ఓడల పక్కన తేలింది. జేబుల్లో తాళంచెవుల గుత్తి, తడిసి ముద్దయిన సిగరెట్ పెట్టె, ఒక లోహపు ముక్క దొరికాయి. ముక్క చిటికెన వేలంత ఉంది. ఒక చివర మరలు, రెండో చివర విరిగిన ముఖం. పక్కన చేత్తో గీసిన అంకె: ఏడు.

పోలీసులకి అందులో వింతేమీ కనపడలేదు. లోహాల బలం పరీక్షించే ల్యాబ్‌లో టెక్నీషియన్ అతను. అతని జేబులో విరిగిన కడ్డీ కాక వజ్రాలు ఉంటాయా? కాలుజారి పడ్డాడని రాసుకుని ఫైలు మూసేశారు.

అసలు వింత ఇంకోచోట ఉంది. ఆ ఏడో నంబరు కడ్డీ అదే సమయానికి ల్యాబ్‌లో మెషీన్ మీద, విరక్కుండా, నిక్షేపంలా ఆడుతోంది.

* * *

"ఈశాన్యం గాలి హాయిగా ఉంది," అన్నాడు క్లెమ్ ప్యాస్కో.

"మూడింటికల్లా దక్షిణానికి తిరిగి అందరి టోపీలూ ఎగరగొడుతుంది చూడు," అంది తెల్ల గౌను వేసుకుని తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దావిడ, పచ్చిక మీద నల్లబంతిని మెల్లిగా దొర్లిస్తూ.

కోడ్ కలిసింది. బుధవారం మధ్యాహ్నం. పింఛను తీసుకునేవాళ్ళు బంతులాడుకునే క్లబ్బు. ఈ దేశంలో తెల్ల గౌను వేసుకుని బంతి దొర్లించే అరవై ఏళ్ళ ఆడమనిషిని అనుమానించేవాడు ఇంకా పుట్టలేదు. అందుకే రొవీనా హాల్బర్ట్ పదేళ్ళుగా గూఢచారి బ్యూరో తూర్పుతీరం సెక్షన్‌ని ఆ పచ్చిక మీద నుంచే నడుపుతోంది.

క్లెమ్‌కి యాభై ఒకటి. బ్యూరోలో చేరకముందు ఉక్కు ఫ్యాక్టరీ టెస్ట్‌హౌస్‌లో పదకొండేళ్ళు కడ్డీలు విరగ్గొట్టిన చెయ్యి. హాల్బర్ట్ కబురు పెట్టిందీ ఆ చెయ్యి కోసమే.

"టైటానియం మిశ్రమం. ఏడో లాట్. నౌకాదళానికి సబ్‌మెరీన్ బోల్టుల కోసం," అంది ఆవిడ. "పరీక్ష సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు."

"కడ్డీని కోటిసార్లు లాగి వదలాలి. సెకనుకి ఇరవై సార్లు. ఆరు రోజులకి కాస్త తక్కువ. లోహానికి కూడా మనిషిలాగే అలుపొస్తుంది మేడమ్. కోటి దాకా విరక్కపోతే పాస్."

"అసలు కడ్డీ విరిగింది. ఎవరో దాన్ని తీసేసి, మంచి లోహపు కడ్డీకి ఏడు అని గీసి పెట్టారు. అది కనిపెట్టినందుకే వాలీ చచ్చాడు. దొంగిలించే ముఠాల్ని చూశాను, పేల్చే ముఠాల్ని చూశాను. వీళ్ళకి ఓపిక ఎక్కువ. పనికిరాని లోహాన్ని మన చేతే పాస్ చేయించి, మన సబ్‌మెరీన్లలో మన చేతే బిగింపజేసి, యుద్ధమొచ్చే రోజు కోసం కాచుకుని కూర్చుంటారు."

"మెషీన్ ఆపేస్తే సరిపోదా?"

"ఆపితే పిట్ట ఎగిరిపోతుంది. రేపు పొద్దున్న పది పదమూడుకి కోటి నిండుతుంది. ఈలోగా లోపలి మనిషెవరో చెప్పు. సర్టిఫికెట్ ఆపే పని నాది."

పోలీసుల నుంచి తెప్పించి ఆవిడ చేతిలో పెట్టిన వాలీ తాళంచెవుల గుత్తి, విరిగిన ముక్క జేబులో వేసుకుంటూ క్లెమ్ అడిగాడు. "ఆ లాట్ కొండమీది ఆసుపత్రికి కూడా వెళ్ళిందటగా? తుంటిలో పెట్టే కడ్డీలకి."

"వెళ్ళింది. ఆరుగురికి. వాళ్ళూ రేపటి సర్టిఫికెట్ కోసమే చూస్తున్నారు."

"వాళ్ళకి చెప్పారా?"

"చెబుతాం," అంది హాల్బర్ట్, ఇంకో బంతి అందుకుంటూ.

ఆ ఆరుగురిలో మొదటి పేరు నెల్ ప్యాస్కోది. క్లెమ్ అక్క. ఆ మాట క్లెమ్ నోట్లోనే ఉంచుకున్నాడు. సొంతవాళ్ళు ఇరుక్కున్న కేసుల్లోంచి బ్యూరో మనిషిని తీసిపారేస్తుంది. తీసిపారేస్తే ఇక నెల్ తరఫున అడిగే దిక్కు ఉండదు.

* * *

"ఒరేయ్, ఎండుచేపలా అయిపోయావేంట్రా! తింటున్నావా లేదా?" అంది నెల్, మంచం మీద నుంచే.

అమ్మ పోయేనాటికి నెల్‌కి పదిహేడు, క్లెమ్‌కి పది. రేవులో చేపలు కోసే షెడ్డులో ముప్ఫయ్యేళ్ళు తడి సిమెంటు మీద నిలబడి వాణ్ణి పెంచింది. ఆ సిమెంటే ఆవిడ తుంటి తినేసింది. రెండేళ్ళ కింద డాక్టర్లు లోపల ఒక కడ్డీ దిగ్గొట్టారు. మొన్న వేసవిలో బస్సెక్కబోతుంటే అది లోపలే టప్పున విరిగింది. రోడ్డవతల నిలబడ్డవాళ్ళకి కూడా వినపడిందంటుంది నెల్. కొంచెం కోతలు కోస్తుంది గానీ, ఆ నొప్పి మాత్రం కోత కాదు.

"రేపు ఎన్నింటికక్కా?"

"పదకొండింటికి. అదేదో కాగితం రావాలట, రాగానే కోస్తారు. కొత్త లోహమట, సబ్‌మెరీన్లకి వాడతారట. నాకేమో ఎందుకంత గట్టిది, నేనేం సముద్రం అడుక్కి పోతానా?" నవ్వబోయి పళ్ళు బిగపట్టింది. "ఒక్కటే చెప్తున్నా క్లెమ్. ఇది కూడా విరిగితే నన్ను ముసలి గుర్రాన్ని కాల్చినట్టు కాల్చి పారెయ్. ఇంకోసారి నావల్ల కాదు."

"విరగదులే."

"నీకేం తెలుసురా? తూనికరాళ్ళు అమ్ముకునేవాడివి."

బ్యూరో వాళ్ళు అక్కకి చెప్పమన్న ఉద్యోగం అదే. ఇరవయ్యేళ్ళుగా ఆ అబద్ధమే నడుస్తోంది.

* * *

అదే రోజు సాయంత్రానికి బెర్ట్ లగ్ అనే చెవిటి ఇన్‌స్పెక్టరు ల్యాబ్‌లో దిగాడు. మెషీన్ల తూకాలు సరిచూడ్డానికి వచ్చానన్నాడు. మాసిన కోటు, అంటించిన మీసం, చెవిలో వినికిడి యంత్రం. ఆ యంత్రం నిజానికి వైర్‌లెస్. హాల్బర్ట్ గొంతు నేరుగా చెవిలో పడుతుంది. కోటు గుండీలో మైకు.

చెవిటివాడి వేషమంత లాభసాటిది ఇంకోటి లేదు. ముందు అందరూ అరుస్తారు. కాసేపటికి విసుగెత్తి, వాడి పక్కనే నిలబడి ఏదైనా మాట్లాడేసుకుంటారు.

ల్యాబ్ పెద్ద డాక్టర్ ఇమాంట్స్ కల్నిన్. యుద్ధం తర్వాత ఓడలో లాత్వియా నుంచి వచ్చిన ముసలాయన. నలభయ్యేళ్ళు ఇక్కడున్నా టీలో పాలు పోయనివ్వడు. రెండో మనిషి సెలెస్ట్ వారింగ్. రెండు నెలల కింద వచ్చిన ఇంప్లాంట్ల నిపుణురాలు. ఆవిడ నడిచొస్తుంటే మెషీన్ల చప్పుడు కూడా తగ్గినట్టుంటుంది. ఎర్ర సిల్కు స్కార్ఫు, తేనె రంగు జుట్టు, మనిషిని చూస్తూ చూస్తూ వేరే ఏదో లెక్క వేసుకునే కళ్ళు. మిగిలినవాళ్ళు పాతికేళ్ళుగా అక్కడే పాతుకుపోయినవాళ్ళు. టెలెక్స్ కొట్టే డల్సీ అయితే ఆ భవనం కన్నా పాతది.

కిటికీలోంచి చూస్తే వీధి చివర ఐస్‌క్రీమ్ బండి ఆగి ఉంది. నడి జులై, ఇక్కడ నడి చలికాలం. కోటు గుండీలన్నీ పెట్టుకున్నా వణుకు పుట్టే చలి. ఈ చలిలో ఐస్‌క్రీమ్ ఎవడు తింటాడు? బండి మీద శంఖంలా ఉన్న బొమ్మలోంచి ఏరియల్ తొంగిచూస్తోంది.

"ముఠా బయట కాపలా కాస్తోంది," గొణిగాడు క్లెమ్ గుండీలోకి.

"తెలుసు. లోపల ఎవరో చూడు," అంది చెవిలో గొంతు.

* * *

గురువారం పొద్దున్న పదింటికి గంట మోగింది. మెషీన్లని వాటి మానాన వదిలేసి అందరూ టీ గదిలోకి నడిచారు. దేశం మునిగిపోతున్నా సరే, పదింటి టీ తాగకుండా పని చేసేవాణ్ణి ఇక్కడ యూనియన్ బతకనివ్వదు. పదిహేను నిమిషాలు ల్యాబ్‌లో పురుగు ఉండదు. కోటి నిండేది సరిగ్గా ఆ పదిహేను నిమిషాల్లోనే. నిండగానే మెషీన్ దానంతటదే ఆగి గంట కొడుతుంది. కల్నిన్ ముందే సంతకం చేసి పెట్టిన సర్టిఫికెట్‌ని డల్సీ నౌకాదళానికీ ఆసుపత్రికీ టెలెక్స్‌లో పంపేస్తుంది.

వారానికొకరు కేకు తేవడం అక్కడి పద్ధతి. ఆ వారం వంతు సెలెస్ట్‌ది.

"నేనే చేశాను," అంది కేకు కోస్తూ.

"అడుగున బేకరీ అట్ట ఉందమ్మా," అంది డల్సీ. అందరూ పగలబడి నవ్వారు. సెలెస్ట్ కూడా నవ్వింది.

ఆ నవ్వుల మధ్య క్లెమ్ జేబులోంచి ఒక ఉక్కు కడ్డీ రెండు ముక్కలూ తీసి టేబుల్ మీద, సెలెస్ట్ కప్పు పక్కన పెట్టాడు. ఫ్యాక్టరీ రోజుల్లో తన చేత్తో విరగ్గొట్టిందే.

"ఇదెందుకు విరిగిందో ఇరవయ్యేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నా," అన్నాడు చెవిటివాడు అరిచినట్టు అరుస్తూ. "మీరు పెద్ద చదువులు చదివారు, కాస్త చూసి చెప్పండి!"

సెలెస్ట్ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుంది. ముద్దుగా తిప్పి చూసింది. తర్వాత వాటి విరిగిన ముఖాల్ని ఒకదానికొకటి ఆనించి, సరిగ్గా కూర్చుంటాయో లేదో అని కాస్త తిప్పి నొక్కింది.

టీ గదిలో మాట ఆగిపోయింది. డల్సీ కప్పు పెదాల దగ్గరే నిలిచింది.

ఈ పనిలో చేరినవాడికి మొదటి గంటలో నేర్పే పాఠం అదొక్కటే. విరిగిన ముక్కల్ని చచ్చినా అతికించి చూడకు. విరుపు ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఎన్నాళ్ళు పాకింది, అంతా ఆ ముఖాల మీదే ఉంటుంది. ఆనించి రుద్దావా, సాక్ష్యం మొత్తం చెరిగిపోయినట్టే. కప్పు విరిగితే ఇంట్లో ప్రతివాడూ చేసే పని అది. ఇక్కడి చెయ్యి మాత్రం చెయ్యదు. నిద్రలో లేపి ఇచ్చినా చెయ్యదు.

"అయ్యో, అయ్యో!" కల్నిన్ కుర్చీ వెనక్కి తన్నుకుని లేచాడు. "ఏం పని తల్లీ ఇది! ఎక్కడ చదివావు నువ్వు? మా ఊడ్చే ముసలమ్మ కూడా చెయ్యదే ఈ పని!"

"పరధ్యానంలో ఉన్నాను డాక్టర్," అంది సెలెస్ట్. మొహంలో రంగు మాత్రం ఇంకిపోయింది. లేచి తలుపు వైపు నడిచింది. క్లెమ్ వెనకాలే వెళ్ళాడు.

* * *

ఖాళీ ల్యాబ్‌లో ఏడో నంబరు కడ్డీ ఉన్న మెషీన్ ఒక్కటే కడుపులో దోమలు పట్టినట్టు జుయ్యిమంటోంది. కౌంటర్ మీద: 99,92,200. గోడ గడియారం పది గంటల ఆరున్నర నిమిషాలు.

"అయిపోయింది సెలెస్ట్. చేతులు కనపడేలా ఉంచు," అన్నాడు క్లెమ్, చెవిటి గొంతు వదిలేసి.

ఆవిడ చేతిలో లిప్‌స్టిక్ ఉంది. అడుగు భాగం అతని గుండెకి తిరిగి ఉంది. ఒకే ఒక్క గుండు పట్టే పిస్తోలు. బ్యూరో స్టోర్‌లో ఇచ్చేది. బ్యూరోలో తప్ప ఇంకెక్కడా దొరకనిది.

"ఇది నీకెక్కడిది?"

"నీకు మీసం ఇచ్చిన చోటే," అంది సెలెస్ట్ అలసటగా. "నేను హాల్బర్ట్ మనిషిని. ముఠా దృష్టిలో వాళ్ళ మనిషిని. ఆరేళ్ళుగా రెండు చోట్లా తింటున్నాను. కడ్డీ మార్చింది నేనే. మార్చమన్నది ముఠా. మార్చనిచ్చింది హాల్బర్ట్."

"మేడమ్?" అన్నాడు క్లెమ్ గుండీలోకి.

"ఆమె చెప్పింది నిజమే," అంది చెవిలో గొంతు. వెనకాల బంతులు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. "నిన్ను పంపింది ఆమెని పట్టుకోవడానికి కాదు క్లెమ్, పరీక్షించడానికి. లోహం తెలిసినవాడు పక్కన నిలబడితే ఆ వేషం ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలనుకున్నాను. ఒక్కరోజుకే విరిగింది. బాగా పనిచేశావు. ఇక వచ్చెయ్."

"సర్టిఫికెట్?"

"వెళ్తుంది. వెళ్ళాలి. ముఠా తాము గెలిచామనుకోవాలి. నౌకాదళానికి రహస్యంగా ముందే చెప్పాం, వాళ్ళ బోల్టులు వేరే లాట్‌లోంచి వస్తాయి. ఈ ఒక్క అబద్ధం మీద ఐదేళ్ళు వాళ్ళని ఆడించొచ్చు."

"ఆసుపత్రికి?"

చెవిలో ఇంకో బంతి దొర్లిన చప్పుడు.

"ఆసుపత్రికి చెప్పారా మేడమ్?"

"ఆసుపత్రిలో నర్సులుంటారు, భర్తలుంటారు, నోళ్ళుంటాయి. ఆపరేషన్లు ఆగితే ముఠాకి సాయంత్రానికల్లా తెలుస్తుంది. ఆరుగురు క్లెమ్. విరిగితే విరుగుతాయి, రెండేళ్ళో మూడేళ్ళో. అప్పుడు మంచి డాక్టర్ల చేత బాగుచేయిస్తాం."

"అందులో మా అక్క ఉంది."

బంతుల చప్పుడు ఆగింది. "తెలుసు," అంది హాల్బర్ట్. "నువ్వే చెబుతావేమోనని నిన్నంతా చూశాను."

క్లెమ్ పదేళ్ళు ఈ గొంతు కోసం ఒళ్ళు దాచుకోకుండా తిరిగాడు. సువాలో పక్కటెముక విరగ్గొట్టుకున్నాడు. పోర్ట్ మోర్స్‌బీలో మలేరియాతో నెల్లాళ్ళు పడున్నాడు. ఈ గొంతుకి అతని అక్క తుంటి ఒక సంఖ్య. ఆరింట్లో ఒకటి. చెవిలోంచి యంత్రం పీకి నేలకేసి కొట్టాడు.

కౌంటర్: 99,96,900. గడియారం పది పది దాటింది.

"వాలీని ఎవరు చంపారు?"

"బండిలో వాళ్ళు." సెలెస్ట్ గడ్డంతో కిటికీ వైపు చూపించింది. "విరిగిన ముక్క పట్టుకుని వాలీ తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. నన్ను నమ్మాడు. నేను దాస్తే రేపు ముఠాకి నా మీద అనుమానం. చెప్పేశాను. బెదిరించి వదిలేస్తారనుకున్నాను. ముక్క వాడి జేబులో ఉందని మాత్రం వాళ్ళకి చెప్పలేదు. ఎవరికైనా దొరకాలని."

"నేను ఆ మెషీన్ దగ్గరికి వెళ్తున్నాను."

"వెళ్ళకు. సర్టిఫికెట్ ఆగితే వాళ్ళు మొదట అడిగేది నన్నే. రేవులో తేలేది ఈసారి నేను. ఆరుగురి కాళ్ళు, నా ప్రాణం. నీకేది కావాలో చెప్పు!"

పొగరుగా ఏదైనా అనేవాడేమో, ఆవిడ కళ్ళు చూశాక అనలేకపోయాడు. ఆవిడా బతకాలనుకుంటోంది. అందులో తప్పేముంది?

"కాల్చాలనిపిస్తే కాల్చు," అన్నాడు. వీపు ఆవిడకి పెట్టి నడిచాడు.

పది అడుగులు. భుజాల మధ్య చర్మం బిగుసుకుపోయింది. మెషీన్ ముందు తలుపుకి తాళం ఉంది. వాలీ తాళంచెవుల గుత్తి తీశాడు. మొదటిది పట్టలేదు. రెండోది పట్టలేదు. 99,99,100. మూడోది సగం దూరి ఇరుక్కుంది. వేళ్ళు చెమటకి జారుతున్నాయి. లాగి, ఊది, మళ్ళీ దూర్చాడు. తలుపు తెరుచుకుంది.

ఎర్ర బటన్ నొక్కితే మెషీన్ ఆగుతుంది. ఆపితే లాభం లేదు. ఎవరో వచ్చి మళ్ళీ నడిపిస్తారు, మిగిలిన నాలుగైదొందలూ పూర్తి చేసేస్తారు. కడ్డీ విరగాలి. విరిగిన కడ్డీకి పాస్ సర్టిఫికెట్ ఇచ్చే మొనగాడు భూమ్మీద లేడు.

లోడు పెంచే చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని కుడివైపుకి లాగాడు. కదల్లేదు. 99,99,700. కాలు గట్టుకి తన్నిపెట్టి మళ్ళీ లాగాడు. చక్రం పావు తిరిగింది, సగం తిరిగింది. మెషీన్ మూలిగింది. 99,99,900. మొత్తం తిరిగింది.

ఢామ్మని పేలింది. కడ్డీ ముక్క ఒకటి ఎగిరొచ్చి అతని చెంప చీల్చుకుంటూ గోడకి తగిలింది. జుయ్యిమనే శబ్దం ఆగిపోయింది.

కౌంటర్: 99,99,974.

గంట మోగలేదు.

క్లెమ్ వెనక్కి తిరిగాడు. సెలెస్ట్ చెయ్యి ఇంకా చాచే ఉంది.

"గురి చూశాను," అంది. "రెండుసార్లు చూశాను. వేలు కదల్లేదు. వాలీ గుర్తొచ్చాడు." చెయ్యి దించేసింది. "డల్సీ టెలెక్స్ లైను మీద బండిలో వాళ్ళు చెవి పెట్టుక్కూర్చున్నారు. పది ఇరవైకల్లా రాకపోతే లోపలికొస్తారు."

క్లెమ్ తన కారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. "నీలం హోల్డెన్, వెనక గేటు దగ్గరుంది. సెకండ్ గేరు మొరాయిస్తుంది. గట్టిగా వెయ్యి. ఉత్తరానికి పో, ఎక్కడా ఆగకు."

"థాంక్స్ చెప్పనా, తిట్టనా?"

"తిట్టే పో."

తిట్టలేదు. ఎర్ర స్కార్ఫు విప్పి చెత్తబుట్టలో పారేసి వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

ముందు తలుపులోంచి కల్నిన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. టై మీద కేకు పొడి. "ఏమయ్యా లగ్గూ! చెవులే లేవనుకున్నా, బుర్ర కూడా లేదా? ఆరు రోజుల పరీక్ష! ఇరవై ఆరు, ఇంకొక్క ఇరవై ఆరు లాగితే..."

క్లెమ్ జేబులో చెయ్యి పెట్టాడు. వాలీ జేబులో దొరికిన ముక్క ముసలాయన అరచేతిలో పెట్టాడు. కల్నిన్ మెడలో వేలాడే భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. ముందు అంకె చూశాడు. "ఈ ఏడుకి నడుం మీద గీత ఉంది. మా దేశపు ఏడు. నేను గీసింది." గబగబా మెషీన్‌లో మిగిలిన ముక్క చూశాడు. దాని మీద గీత లేని ఏడు.

తర్వాత చాలాసేపు విరిగిన ముఖమే చూశాడు. అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటివి, లోపలి చిన్న గుంట చుట్టూ ఒకదాని తర్వాత ఒకటి.

"లోపలే పుచ్చు," అన్నాడు మెల్లిగా. "లాట్ మొత్తం ఇంతే అయ్యుంటుంది. నేను... నేను సంతకం ముందే పెట్టేశానయ్యా. పై నుంచి తొందర పెట్టారు. నలభయ్యేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు."

"ఆసుపత్రిలో పదకొండింటికి కోస్తున్నారు డాక్టరుగారూ."

ముసలాయన భూతద్దం వదిలేసి పరిగెత్తాడు. డల్సీ కుర్చీ లాగేసి తనే టెలెక్స్ ముందు కూర్చుని రెండు వేళ్ళతో టకటకా కొట్టాడు: ఏడో లాట్ వాడొద్దు, ఒక్కటి కూడా వాడొద్దు. అది వెళ్ళిన రెండు నిమిషాలకి వీధి చివర ఐస్‌క్రీమ్ బండి స్టార్టయింది. గంటల పాట పాడుకుంటూ మరీ మలుపు తిరిగింది.

* * *

"బండి దొరికింది. మనుషులు దొరకలేదు," అంది హాల్బర్ట్ శుక్రవారం, అదే పచ్చిక మీద. "నీ కారు ఉత్తరాన టారీ ఊరు దాటాక రోడ్డు పక్కన దొరికింది. డ్రైవరు తలుపు తెరిచే ఉంది. సెలెస్ట్ ఫోన్ చెయ్యాల్సిన టైముకి చెయ్యలేదు. అంతకుమించి నాకు తెలీదు."

క్లెమ్ చెంప మీద కట్టు తడుముకున్నాడు. సెకండ్ గేరు మొరాయించిందేమో అన్న ఆలోచన నిన్నట్నుంచీ అతన్ని వదలడం లేదు.

"ఐదేళ్ళ పని పాడుచేశావు. ఒక్క కాలు కోసం."

"ఆరు కాళ్ళు మేడమ్."

"నీకు ఒక్కటే. నా దగ్గర కూడా అబద్ధాలెందుకు?" ఆవిడ బంతి వదిలింది. అది మెల్లిగా వంపు తిరిగి, గురిగా పెట్టిన తెల్లబంతిని ఆనుకుని ఆగింది. "బయటికి చెప్పే కథ ఇది: బెర్ట్ లగ్ అనే చెవిటి ఇన్‌స్పెక్టరు చెయ్యి తగిలి మెషీన్ పాడైంది. కల్నిన్ నోరు మెదపడు, ఆ సంతకం నా దగ్గరుంది. నీకు రేపట్నుంచి ఉద్యోగం లేదు. వేషం సామాన్లు స్టోర్‌లో అప్పగించు. మీసం కూడా."

నిజంగా మీసానికి కూడా రసీదు రాయించుకున్నారు.

* * *

శనివారం నెల్ నిప్పులు చెరుగుతోంది.

"రెండు వారాలు! ఇంకో రెండు వారాలు ఇలాగే పడుండాలట. కత్తి పెట్టబోతుంటే ఆపారు క్లెమ్, సూది కూడా గుచ్చేశారు. ఎందుకో తెలుసా? ఎవడో లగ్ అట. చెవిటి వెధవ. వాడెవడో మెషీన్ మీద చెయ్యేసి తగలేశాట్ట. నర్సు చెప్పింది." అక్కడ ఆగి తమ్ముడి మొహం చూసింది. "నీ చెంపకేమైందిరా?"

"గీసుకుంటుంటే తెగింది."

"గడ్డం కూడా గీసుకోలేవు, యాభయ్యేళ్ళొచ్చాయి." దిండు కింద నుంచి ఒక కాగితం తీసింది. రెండు వైపులా నిండా రాసి ఉంది. "ఆరోగ్య మంత్రికి. ఆ లగ్‌గాణ్ణి ఉద్యోగంలోంచి పీకెయ్యాలని, ఈ జన్మలో ఇంకే మెషీన్ దగ్గరికీ రానివ్వకూడదని రాశాను. కింద సాక్షి సంతకం కావాలట. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా? పెట్టు."

క్లెమ్ కాగితం తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చదివాడు. దుప్పటి కింద ఆవిడ కాలు ఇంకా వంకరగానే ఉంది. ఇంకా నొప్పెడుతూనే ఉంది. పెన్ను తీసి సంతకం పెట్టాడు.

"ఇంకాస్త గట్టిగా రాయాల్సిందక్కా," అన్నాడు.